నాలుక్కి సెలవు

కాఫీ కార్ఖానాలో కాఫీ దొరకలేదు. ఇంతకన్నా ఘోరం ఉంటుందా?

డిటెక్టివమ్మ ఆ పొద్దున నోట్లో చుక్క పోసుకోకుండానే ఇల్లు కదిలింది. వెళ్ళేది కాఫీ గింజలు వేయించే చోటికే కదా, అక్కడ కరువేమిటి అనుకుంది. తీరా వచ్చి చూస్తే పచ్చిగింజల బస్తాల దగ్గర్నుంచి పనివాళ్ళ గదిలోని పాలగిన్నె దాకా అన్నిటికీ పోలీసు సీళ్ళు. ఆ సీళ్ళు వేయించింది పరాయివాడు కూడా కాదు, స్వయానా అక్క మొగుడు. ఆమెకి కణతలు అదురుతున్నాయి. ఎదురొచ్చిన ప్రతివాడి మీదా విరుచుకుపడాలనిపిస్తోంది.

"కాఫీ తాగితే తల తీయిస్తామన్న రాజులుండేవాళ్ళట బావా. నలుగురూ కాఫీ కొట్లో చేరితే నిద్రమానుకుని తమ గురించే మాట్లాడుకుంటారని వాళ్ళ భయం. కొట్లు మూయించారు, తాగినవాళ్ళని కొట్టించారు. ఏమైంది? జనం మానారా? వాళ్ళ వల్లే కానిది మీ వల్లవుతుందా?"

"విషం దొరికిన చోట కాఫీ కాయనిస్తానా? రాజుల సంగతి తర్వాత, ముందు నువ్విక్కడికి ఎందుకొచ్చినట్టు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు బావ.

"మీరు పట్టుకున్న ఆవిడ భర్త పిలిస్తే వచ్చాను. పాపం, లారీ తీసుకుని ఓడరేవు దాకా పోయినవాడు ఫోన్లో ఏడుస్తున్నాడు. తండ్రి పోయాడని ఏడవాలో, పెళ్ళాన్ని జైల్లో వేస్తున్నారని ఏడవాలో తెలియడం లేదు."

"రెండూ నిజమే కాబట్టి రెండింటికీ ఏడవమను. జీపు బయల్దేరింది. వచ్చేదాకా నీ సరదా తీర్చుకో మరదలా."

నిన్న పొద్దున ఈ రుచి గదిలోనే పెద్ద నాలుక కుప్పకూలిపోయాడు. కాఫీ రుచి చూసి, ఏ సరుకు పనికొస్తుందో ఏది పనికిరాదో తేల్చే పెద్దాయన అతను. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయన వద్దన్న సరుకు బయటికి కదిలేది కాదు. వద్దనడానికి కూడా పెద్ద మాటలేమీ వాడేవాడు కాదు. "దీన్ని బల్ల మీంచి తియ్యండి" అనేవాడు, అంతే. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. కడుపులో విషం ఉందన్నారు డాక్టర్లు. బల్ల మీద వరసగా పెట్టిన ఏడు కప్పుల్లో నాలుగోదాంట్లో అదే విషం దొరికింది. ఆ నాలుగో కప్పులో ఉన్నది కోడలు తన చేత్తో వేయించిన గింజల కాఫీ. ఇన్‌స్పెక్టరుకి ఇంకేం కావాలి? కోడల్ని బయట కూచోబెట్టి, బేడీలు చేతిలో తిప్పుతూ కూచున్నాడు.

"మొన్న అందరి ముందూ పెద్దాయన చెప్పాడట, తన తర్వాత ఈ కుర్చీ కోడలిదేనని. ఆయన దిగేదాకా ఆగలేకపోయింది. దించేసింది" అన్నాడు.

"ఇస్తానన్న కుర్చీ కోసం చంపుతుందా? చంపితే గింపితే కుర్చీ రానివాడు చంపాలి గానీ!"

"నువ్వు మాటలు చెప్పి బతికేదానివి. నేను సాక్ష్యాలు చూపించి బతికేవాణ్ణి."

డిటెక్టివమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి వంగింది. నిన్నటి కప్పులు కదపకుండా అలాగే ఉన్నాయి. కాఫీ పొడి మీద వేడినీళ్ళు పోస్తే పైన మందంగా తెట్టు కడుతుంది. రుచి చూసేవాడు చెంచాతో ఆ తెట్టు పగలగొట్టి, ముందు వాసన చూసి, తర్వాత చెంచాడు నోట్లోకి జుర్రున లాగుతాడు. ఏడు కప్పుల మీదా తెట్టు పగిలి ఉంది. అంటే పెద్దాయన అన్నీ చూశాడు, పని ముగించాడు. కుర్చీ పక్కనే నడుమెత్తున ఇత్తడి ఉమ్మితొట్టి. దాని మీద ఎవరో శుభ్రంగా తెల్లగుడ్డ కప్పారు.

"ఇదేమిటి, శవానికి కప్పినట్టు?"

"ఛీ, ఆ ఉమ్ము చూడలేక నేనే కప్పించాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు ముక్కు చిట్లించి.

"ఇందులోది పరీక్షకి పంపమని నిన్న ఫోన్లోనే మీ కానిస్టేబులు కాళ్ళావేళ్ళా పడ్డాను. పంపారా?"

"పంపాం. ఏమీ లేదట అందులో. ఉత్త కాఫీ."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదంటున్నాగా! ఎన్నిసార్లు చెప్పాలి?"

డిటెక్టివమ్మకి ఒక్క క్షణం తలనొప్పి కూడా మరుపున పడింది. పకపకా నవ్వింది. ఇన్‌స్పెక్టరుకి ఆ నవ్వంటే పెళ్ళినాటి నుంచీ పడదు.

"బావా, రోజూ ఇన్ని కప్పులు మింగితే మనిషి గుండె ఆగదా? రుచి చూసేవాడు మింగడు. నోరంతా తిప్పి, ఉమ్మేస్తాడు. ఏడు కప్పులదీ ఈ తొట్టిలోనే ఉంది. నాలుగో కప్పులో విషం ముందే ఉంటే తొట్టిలోకీ రావాలా వద్దా? రాలేదంటే, ఆయన ఉమ్మేటప్పటికి కప్పులో విషం లేదు. ఆయన పడిపోయాక ఎవరో తీరిగ్గా తెచ్చి పోశారు. పోసినవాడికి కూడా మీలాగే ఈ తొట్టి గుర్తుకు రాలేదు."

ఇన్‌స్పెక్టరు అంత తేలిగ్గా తగ్గే రకం కాదు.

"సరే. కప్పులో లేదు. మరి కడుపులోకి ఎగిరొచ్చిందా?"

ఆ ప్రశ్న సరైనదే. డిటెక్టివమ్మ మాట మార్చి, చిన్న రుచిదారుణ్ణి పిలిపించమంది.

అతన్ని అందరూ కొండనాలుక అంటారు. పెద్ద నాలుక వెనక కనపడీ కనపడకుండా ఉంటాడని ఎవరో కొంటెవాళ్ళు పెట్టిన పేరు. ఆయన చేతికింద ఏళ్ళ తరబడి చెంచాలు కడిగి, నీళ్ళు కాచి, రెండో కుర్చీలో కూచున్న మనిషి. చంకలో చిన్న ఫ్లాస్కు పెట్టుకుని వినయంగా వచ్చి నిలబడ్డాడు. ఆ ఫ్లాస్కు చూడగానే డిటెక్టివమ్మ నోట్లో నీళ్ళూరాయి.

"నిన్న ఆయన పడిపోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"గింజలు వేయించే డ్రమ్ము దగ్గరండి. పొగ ఎక్కువగా వస్తుంటే కంగారుపడి ఆవిణ్ణి కేకేశాను. ఆవిడ ఈ గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. డ్రమ్ము సంగతి ఆవిడకే కదండీ తెలుసు."

"ఆవిడ వచ్చాక మీరూ అక్కడే ఉన్నారా?"

"గోనెసంచి తడిపి తేవడానికి ఇలా వచ్చాను. మళ్ళీ వెళ్ళాను."

"ఇలా అంటే, ఈ గది మీంచేనా?"

"కుళాయి ఇటేనండి" అన్నాడతను. "నేనేం చేశానండీ? ఆయన తర్వాత కుర్చీ ఎవరిదో ఆయనే చెప్పేశారు. నేను కిక్కురుమనలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి."

"అడక్కుండానే చెప్పారు, సంతోషం."

అతను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "సార్, ఆవిడ నిన్నట్నుంచి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను ఇంటి నుంచి కాస్త కాఫీ తెచ్చుకున్నాను. ఆవిడకి పోసివ్వనా? ఎంతైనా ఒక చోట పనిచేసినవాళ్ళం."

"ముందు మా మాటలు అవనీ. తర్వాత ఇద్దువుగాని. జైల్లో ఇలాంటిది దొరకదు కదా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, తన మంచితనానికి తనే మురిసిపోతూ.

"నాకో?" అంది డిటెక్టివమ్మ, సిగ్గు విడిచి.

"ఒక్క గ్లాసే పడుతుందండి ఇందులో. ఏమీ అనుకోకండి" అని అతను బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె ఉసూరుమంటూ కిటికీ దగ్గరికి నడిచింది. కాఫీ లేకపోతే గాలైనా పీల్చుకుందామని దళసరి తెర పక్కకి లాగింది. లాగిన చెయ్యి అలాగే ఆగిపోయింది. కిటికీ గట్టు మీద చీమలు.

రుచి గదిలో చీమలు! ఈ గదిలోకి పంచదార పలుకు రాదు, పాలచుక్క రాదు. అత్తరు రాసుకొచ్చినవాణ్ణి కూడా పెద్దాయన గుమ్మంలోనే ఆపేవాడట. మరి ఈ చీమలు దేనికొచ్చాయి? ఆమె భూతద్దం తీసి గట్టు మీదికి వంగింది. గ్లాసు అడుగు అంటుకుని ఎండిపోయిన జిగురు మరకలు రెండున్నాయి. ఒకటి పెద్ద సున్నా, ఒకటి చిన్న సున్నా. వేలితో తాకబోయి మానుకుంది.

"బావా, ఆవిణ్ణి లోపలికి రమ్మనండి."

కోడలు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది గానీ తల మాత్రం దించలేదు. వేళ్ళ చివర్లు గింజలు వేయించే మసితో నల్లగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు కూచోమన్నా కూచోలేదు.

"నేను నిన్న చెప్పిందే చెప్తాను. కాఫీ నేనే కలిపాను. విషం నేను కలపలేదు. జీపు తెప్పించుకోండి, లారీ తెప్పించుకోండి, ఇదే మాట."

"చూశావా పొగరు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పొగరే అనుకోండి. మామయ్య ఒక కథ చెప్పేవారు. వెనకటికి కాఫీ పండే దేశంవాళ్ళు గింజల్ని ఉడకబెట్టిగానీ ఓడ ఎక్కనిచ్చేవాళ్ళు కాదట, ఇంకే నేలలోనూ మొలవకూడదని. అయినా ఎవడో మొండివాడు పచ్చిగింజలు ఒంటి మీద దాచుకుని దాటించేశాడట. ఆ మొండితనం లేకపోతే మనకి కాఫీయే లేదమ్మాయ్ అనేవారు. నేను ఆయన కోడల్ని."

డిటెక్టివమ్మకి ఆ పిల్ల తెగ నచ్చేసింది. అయినా ముఖంలో పైకి తేలనివ్వలేదు. చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తెర తీసి చూపించింది.

"వీటి సంగతి చెప్పమ్మా."

చీమల్ని చూడగానే కోడలి ముఖం పాలిపోయింది. ఆ ధైర్యమంతా ఎటు పోయిందో పోయింది.

"ఎవరికీ చెప్పకూడదు" అంది మెల్లగా.

"ఆయన లేరమ్మా. ఇప్పుడు దాస్తే నువ్వూ ఉండవు."

"పరువు ఉంది కదండీ ఆయనకి!" అని ఒక్కసారిగా బావురుమంది. "మామయ్యకి పాలు పోసి, పంచదార దండిగా వేసిన కాఫీ అంటే ప్రాణమండి. చిన్నపిల్లాడికి మిఠాయి ఎలాగో అలాగ. కానీ అంత పేరున్న మనిషి పంచదార కాఫీ తాగుతాడని తెలిస్తే ఊరంతా నవ్వదూ? అందుకని పనయ్యాక తలుపు మూసి, ఈ తెర చాటున ఇద్దరం తాగేవాళ్ళం. ఇక నాలుక్కి సెలవమ్మాయ్ అనేవారు. ఆయనకి పెద్ద గాజు మగ్గు, నాకు చిన్న స్టీలు గ్లాసు. నిన్న కూడా రెండూ ఇక్కడ పెట్టాను. ఇంతలో డ్రమ్ము పొగొస్తోందని కేకేస్తే పరిగెత్తాను. వచ్చేసరికి ఆయన నేల మీద..."

"ఆ గ్లాసులేవి?"

"కడిగేశాను."

"కడిగేశావా!" ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచాడు.

"కళ్ళు తిరిగి పడ్డారనుకున్నానండి. అరిచాను, జనం వస్తున్నారు. అందరూ ఆ పంచదార గ్లాసులు చూస్తే, లేచాక మామయ్య ఎంత సిగ్గుపడతారో అనుకున్నాను. అందుకే గబగబా కడిగేశాను. నాకు అప్పుడు అదొక్కటే తోచింది."

"విన్నావా మరదలా? కాఫీ కలిపింది తనే, గట్టు మీద పెట్టింది తనే, మనిషి పడగానే గ్లాసులు కడిగింది తనే. నీ తొట్టి వాదన వల్ల నాకే మేలు జరిగింది. కప్పులో అయితేనేం, గ్లాసులో అయితేనేం? కానిస్టేబుల్! బయట కూచోబెట్టు. జీపు రాగానే ఎక్కించు."

"ఒక్క మాట" అంది డిటెక్టివమ్మ. "అంత నాలుక ఉన్న మనిషికి విషం చేదు తెలియలేదా అమ్మా?"

కోడలు గుమ్మం దగ్గర ఆగింది. "మంచి కాఫీ చేదు నాలుక మీదికి వచ్చి వెళ్ళిపోతుందండి. పోకుండా అక్కడే కూచుందంటే ఏదో తేడా ఉన్నట్టే. అది నాకు నేర్పింది ఆయనే. కానీ ఆ తీపి కాఫీని ఆయన రుచి చూసేవారు కాదు. గటగటా తాగేసేవారు. అందులోనూ నిన్న..." ఆమె మసివేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. "డాక్టరు వద్దన్నాడని ఆయన మగ్గులో నేను పంచదార తగ్గించేస్తున్నాను. తెలియదనుకున్నాను. నిన్న వచ్చి చూస్తే మగ్గు నిండుగా అలాగే ఉంది. నా గ్లాసు ఖాళీ. నేనిలా వెళ్ళగానే నాది తాగేశారు, దొంగ మామయ్య."

కానిస్టేబులు ఆమెని బయటికి తీసుకెళ్ళాడు. తలుపు మూసుకుంది.

డిటెక్టివమ్మ ఒక్క ఉదుటున కిటికీ గట్టు మీదికి వంగింది. పెద్ద సున్నా చుట్టూ చీమలు హాయిగా తిరుగుతున్నాయి, వరసకట్టి గోడ దిగుతున్నాయి. చిన్న సున్నా చుట్టూ ఉన్నవి తిరగడం లేదు. ఎక్కడివక్కడ ముడుచుకుని చచ్చి పడి ఉన్నాయి.

"బావా, ఇలా రండి. రండంటుంటే!"

ఆ గొంతుకి ఇన్‌స్పెక్టరు గబగబా వచ్చాడు. భూతద్దం అతని చేతిలో పెట్టింది.

"పెద్ద మరక మామగారి మగ్గుది. చీమలు బతికున్నాయి. చిన్న మరక ఆవిడ గ్లాసుది. చీమలు చచ్చాయి. విషం ఏ గ్లాసులో వేశారు?"

"చిన్నదాంట్లో."

"చిన్నది ఎవరిది?"

ఇన్‌స్పెక్టరు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"మామగార్ని చంపాలనుకుంటే తన గ్లాసులో విషం వేసుకుంటుందా? ఆయన దొంగతనంగా తాగుతాడని ఆవిడకేం తెలుసు? బావా, పెద్దాయన్ని ఎవరూ చంపాలనుకోలేదు. చంపాలనుకున్నది ఆ పిల్లని. ఆవిడకి రావలసిన చావుని పంచదార మీద ఆశతో ఆయన తాగేశాడు. తలుపు మూసుకున్నంత మాత్రాన ఈ గదిలో పాల వాసన పసిగట్టలేని ముక్కా ఆ రెండో కుర్చీవాడిది? రోజూ పసిగట్టాడు. ఎవరిది ఏ గ్లాసో చూసుకున్నాడు. డ్రమ్ము దగ్గర మంట పెంచి, కేకేసి, ఆవిణ్ణి అటు రప్పించి, గోనెసంచి వంకన తను ఇటొచ్చాడు. పెద్దాయన బల్ల దగ్గర ఇటు వీపు పెట్టి చేతులు కడుక్కుంటూనో, కప్పులు సర్దుకుంటూనో ఉండి ఉంటాడు. తీరా చావకూడని మనిషి చచ్చాడు. అందుకని అందరూ ఆయన్ని వ్యానెక్కించే గొడవలో ఉండగా, మిగిలిన విషం నాలుగో కప్పులో పోసి కేసు ఆవిడ మెడకి చుట్టాడు."

"కొండనాలుకంటావా?"

"కుర్చీ పోయింది ఎవరికి?"

"నిరూపించడం కష్టం మరదలా. గ్లాసులు కడిగేసింది కదా. వాడు నోరు విప్పకపోతే కోర్టులో నీ చీమలు నిలబడవు. ఆవిడ బతికుండి ఎంత మొత్తుకున్నా..."

అతను ఆ మాట పూర్తిచేయలేదు. తలుపు సందులోంచి వాసన వచ్చింది. వేడివేడి పాల కాఫీ వాసన. పొద్దున్నుంచి ఆ వాసన కోసం మొహం వాచిపోయి ఉన్న డిటెక్టివమ్మ ఈసారి గతుక్కుమంది. ఫ్లాస్కులో ఒక్క గ్లాసే పడుతుందండి అన్నాడు కొండనాలుక. ఇద్దువుగాని అన్నాడు బావ. నిందపడ్డ కోడలు జీపు రాకముందే విషం తాగి చచ్చిపోతే ఇక అడిగేదెవరు? తప్పు ఒప్పుకున్నట్టే, కేసు ముగిసినట్టే.

"తాగకమ్మా!" అని గొంతు చించుకుంటూ తలుపు వైపు పరిగెత్తింది.

ఆమె చెయ్యి పడకముందే తలుపు అటునుంచి తెరుచుకుంది. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గ్లాసు, పైన ఇంకా పొగలు పోతున్నాయి. గ్లాసు నిండుగా లేదు. రెండు బుగ్గలూ పొంగి ఉన్నాయి. వెనకాల కొండనాలుక, ఆ వెనకాల కానిస్టేబులు.

మింగకు తల్లీ, మింగకు అని డిటెక్టివమ్మ లోపల్లోపల మొక్కుకుంటోంది.

కోడలు ఎవరినీ చూడలేదు. నిటారుగా, పెద్దాయన నడిచినట్టే నడిచి కుర్చీ పక్కకి వెళ్ళింది. తొట్టి మీది తెల్లగుడ్డ లాగి అవతల పారేసింది. వంగి, నోట్లో ఉన్నదంతా ఉమ్మేసింది. బల్ల మీది నీళ్ళతో పుక్కిలించి మళ్ళీ ఉమ్మింది, మళ్ళీ, మళ్ళీ. ఇత్తడి గణగణలాడింది. తర్వాత పవిటకొంగుతో మూతి తుడుచుకుని, గ్లాసు ఏడు కప్పుల పక్కన ఎనిమిదోదిగా పెట్టింది.

"ఎలా తెలిసిందమ్మా?" అంది డిటెక్టివమ్మ, సగం ఏడుస్తూ.

"చేదు వచ్చింది, వెళ్ళలేదు. తీపి కింద దాక్కుని కూచుంది." ఆమె కొండనాలుక వైపు తిరిగింది. "అలసిపోయి ఉన్నాను, గటగటా తాగేస్తాననుకున్నాడు. మామయ్య నాలుక్కి ఇచ్చుకున్న సెలవు నేను నా నాలుక్కి ఇంకా ఇవ్వలేదు."

కొండనాలుక వెనక్కి ఒక అడుగు వేశాడు. కానిస్టేబులు ఛాతీ తగిలింది. చంకలోంచి ఫ్లాస్కు జారి నేల మీద పడి దొర్లింది. ఇన్‌స్పెక్టరు తన చేతిలోని బేడీల వైపు, కోడలి వైపు, కొండనాలుక వైపు చూశాడు. బయట జీపు ఆగిన చప్పుడైంది.

కోడలు వెళ్ళి పెద్దాయన కుర్చీలో కూచుంది. ఎవరూ వద్దనలేదు. మసివేలితో ఆ గ్లాసు చూపించింది.

"దీన్ని బల్ల మీంచి తియ్యండి" అంది. "తెచ్చినవాణ్ణి కూడా."